అరడుగు వెనక్కి

ఎల్డన్ ప్రీబ్ గురించి మా లార్కిన్‌లో ఎవరిని అడిగినా ముందు రోడ్ల సంగతే చెబుతారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆయన రోడ్లు చదును చేసే కౌంటీ గ్రేడర్ బండి మీద కూర్చున్నాడు. వానకు గోతులు పడిన మట్టిరోడ్డును ఆయన ఒక్కసారి చెక్కుకుంటూ వెళ్లాడంటే అంచు దారం పట్టి గీసినట్టుంటుంది. మైలు దూరం నుంచి చూసినా వంకర కనబడదు. ఆ చూపే ఆయన ఆస్తి. శుక్రవారం సాయంత్రం అయ్యేసరికి అదే మనిషి నలుపు తెలుపు చారల చొక్కా తొడుక్కుని, ఆటలో తప్పు కనబడితే విసిరే పసుపు గుడ్డ నడుముకు దోపుకుని, హైస్కూల్ అమెరికన్ ఫుట్‌బాల్ మైదానం అంచున నిలబడేవాడు. లైన్స్‌మన్‌గా ఇరవై ఆరేళ్లు పనిచేశాడు.

నేను ఆయన పక్కన నిలబడేదాన్ని. నా పేరు వెల్డా. పగలు స్కూలు బస్సు నడుపుతాను. మా ఊళ్లో మ్యాచ్ ఉన్నప్పుడు డౌన్ కర్ర పట్టుకుంటాను. ఇది ఎన్నో ప్రయత్నమో చూపించే అంకెల పలక ఉన్న పొడవాటి కర్ర అది. పలక నారింజ రంగులో, మనిషి తలకు రెండింతలుంటుంది. నాలుగు ప్రయత్నాల్లో జట్టు పది గజాలు ముందుకు వెళ్లాలి, లేకపోతే బంతి అవతలివాళ్లది. ఇంతమాత్రం తెలిస్తే నా పని ఎవరైనా చెయ్యగలరు. ఎల్డన్ పని మాత్రం అందరివల్లా కాదు.

ప్రతి జూలైలో కొత్త రిఫరీలకు ఫైర్‌స్టేషన్‌లో ఆయన పాఠం చెప్పేవాడు. నేను దాల్చినచెక్క రోల్స్ చేసుకుని వెళ్లేదాన్ని. ఆయన వాటిని తిననివ్వకుండా ఏడింటిని బల్ల మీద వరసగా పేర్చి, వాటి వెనక నాలుగు కాఫీ కప్పులు పెట్టేవాడు.

"ఇదిగో, ఈ ఏడుగురూ బంతి ఉన్న గీత మీద నిలబడ్డవాళ్లు. ఈ కప్పులు వెనకున్నవాళ్లు. బంతి ముందుకు విసిరితే పట్టుకునే హక్కు ఎవరికుంది?"

"చేతులున్న ప్రతివాడికీ," అన్నాడు ఒక ఏడు ఒక పొడుగాటి కుర్రాడు.

"చేతులు నీకూ ఉన్నాయి, అందుకే ఆరు రోల్సే కనబడుతున్నాయి. ఏడోది తీసుకొచ్చి ఇక్కడ పెట్టు."

అందరూ నవ్వేవాళ్లు. ఆయన మాత్రం నవ్వకుండా వేలితో చూపించేవాడు.

"వెనకున్న కప్పులన్నిటికీ హక్కుంది. గీత మీదవాళ్లలో రెండు చివర్ల ఉన్న ఇద్దరికే ఉంది. మధ్యలో ఐదుగురూ తొయ్యడానికే. వాళ్ల చొక్కా మీద అంకె కూడా యాభైకీ డెబ్బై తొమ్మిదికీ మధ్యే ఉంటుంది, మనం పోల్చుకోవడానికి. ఇప్పుడు చూడండి."

అంచున ఉన్న కప్పును కొద్దిగా ముందుకు జరిపి, చివరి రోల్‌కు ఆవలగా అదే గీత మీద పెట్టేవాడు.

"ఇప్పుడు ఈ రోల్ చివరిది కాదు. చొక్కా మీద ఎనభై ఎనిమిదో అంకె ఉన్నా సరే, వీడికి బంతి పట్టుకునే హక్కు పోయింది. వీడేం తప్పు చేశాడు? ఏమీ చెయ్యలేదు. అసలు కదల్లేదు. పక్కవాడు అరడుగు ముందు నిలబడ్డాడు, అంతే."

ఆ తరవాత అసలు మాట చెప్పేవాడు. అది నాకు కంఠతా వచ్చు.

"అందుకే అంచున నిలబడే కుర్రాడు ప్రతిసారీ మనవైపు చూస్తాడు. వేలు చూపించి అడుగుతాడు, నేను వెనకే ఉన్నానా అని. జవాబు చెప్పాలని పుస్తకంలో ఎక్కడా లేదు. అయినా చెప్పండి. వెనకుంటే తలూపి, అవతలి గట్టున ఉన్న రిఫరీకి తెలిసేలా చెయ్యి వెనక్కి చాపండి. లేకపోతే 'అరడుగు వెనక్కి, బాబూ' అనండి. మీ సొమ్మేం పోదు. పిల్లలు వాళ్లు."

నేను రాయబోతున్నది ఈ మాటలు చెప్పిన మనిషి చేసిన తప్పు గురించి. పక్కనే నిలబడ్డ నా తప్పు గురించి కూడా.

రెండేళ్ల కిందట, అక్టోబరు ఆఖరి వారం. శుక్రవారం ఉరుములు వచ్చి మ్యాచ్ ఆగిపోయింది. శనివారం మధ్యాహ్నం రెండింటికి మార్చారు. అవతలి జట్టు మెర్టన్. గెలిచినవాళ్లు ప్లేఆఫ్‌కు వెళతారు. మేము చాలాసార్లు వెళ్లాం. మెర్టన్ స్కూలు పుట్టి బుద్ధెరిగిన తరవాత ఒక్కసారి కూడా వెళ్లలేదు.

మెర్టన్ మాకు నలభై మైళ్లు. మేము పశువుల్ని పెంచుతాం, వాళ్లు కోస్తారు. పెంచినవాడికి పొలం ఉంటుంది, కోసినవాడికి మణికట్టు నొప్పి ఉంటుంది. ఊరంతా మాంసం ఫ్యాక్టరీ చుట్టూ కట్టుకున్నదే. సోమాలియా నుంచీ, గ్వాటెమాలా నుంచీ, బర్మా నుంచీ వచ్చినవాళ్లు మూడు షిఫ్టుల్లో అక్కడ చేసే పని మా ఊళ్లో ఒక్కడు కూడా చెయ్యడు. సాయంత్రం మాత్రం ఆ మాంసం మా అందరి పొయ్యిల మీదా ఉడుకుతుంది. వాళ్ల పిల్లలు మా మైదానంలోకి దిగితే మావాళ్లు చప్పట్లు కొట్టరు, ఈలలూ వెయ్యరు. అసలు చూడనట్టే ఉంటారు.

మా మైదానంలో అవతలి గట్టున కాలువ ఉంది కాబట్టి, గజాలు కొలిచే గొలుసూ, నా కర్రా, ఎల్డన్‌ స్థానమూ మా వైపే ఉంటాయి. మా కోచ్ హాగ్‌స్ట్రమ్ ఆయన భుజం పక్కనే తిరుగుతుంటాడు. వీడియో కెమెరా మా వెనక, ప్రెస్ గది కప్పు మీద.

ఆ రోజు మా పదకొండో నంబరు కుర్రాడు కోల్టన్ రెండుసార్లు గీత మీదికి వచ్చేశాడు. రెండుసార్లూ ఎల్డన్ పెదవి కదపకుండా, "కోల్టన్, అరడుగు వెనక్కి, బాబూ," అన్నాడు. వాడు జరిగాడు. పిల్లలకు అలా చెప్పడం మంచిపనేనని నేనూ అనుకున్నాను.

మెర్టన్ తరఫున అంచున నిలబడ్డది మూడో నంబరు. విల్మెర్ అని తరవాత తెలిసింది. సన్నగా, చెవులు నిక్కబొడుచుకుని ఉంటాడు. ప్రతిసారీ ఎల్డన్ వైపు చూసి వేలు చూపించేవాడు. "వెనకున్నానా, సార్?" ఎల్డన్ తలూపేవాడు. ప్రతిసారీ నిజంగానే వెనకున్నాడు.

చివరికి నలభై సెకన్లు మిగిలాయి. మేము ఇరవై ఒకటి, వాళ్లు పదిహేడు. మా గోలుకు ఆరు గజాల దూరంలో వాళ్ల బంతి. నాలుగో డౌన్, అంటే ఆఖరి ప్రయత్నం. నా పలక మీద నాలుగు అంకె. బంతిని గోల్ గీత దాటించి టచ్‌డౌన్ చేస్తే ప్లేఆఫ్, లేకపోతే ఇల్లు.

అదే క్షణంలో హాగ్‌స్ట్రమ్ మా మధ్యకు వచ్చి గొంతు తగ్గించాడు.

"ఒక్క మేలు, ఎల్డన్. వీళ్లిప్పుడు ఓడిపోతే, ప్లేఆఫ్‌లో కూడా మైకు పట్టాల్సిన జెరీ బతికిపోతాడు. వీళ్ల పేర్లు చదివీ చదివీ పాపం వాడి నాలుక బెణికింది. ఇంకో వారం అయితే కట్టు కట్టించాలి."

ఎల్డన్ నవ్వాడు. నేనూ నవ్వాను. గట్టిగానే.

"వెనకున్నానా, సార్?"

ఎల్డన్ ముఖం అటు తిరిగింది, నవ్వు ఇంకా పెదవుల మీదే ఉంది. తల కిందికీ పైకీ ఊపాడు. చెయ్యి మాత్రం వెనక్కి చాపలేదు. ఆయన కళ్లు విల్మెర్ కాళ్ల మీద లేవు. అది నేను చూశాను.

బంతి కదిలింది. అప్పుడు మాత్రం ఆయన చూపు గీత మీదికి వెళ్లింది, ఎప్పుడూ వెళ్లినట్టే. విల్మెర్ కాలు గీత మీద ఉంది. వాడికి లోపల నిలబడ్డ ఎనభై ఎనిమిదో నంబరు, అబ్షిర్ అనే పొడుగాటి సోమాలీ కుర్రాడు, ఇక చివరివాడు కాడు. అబ్షిర్ గోల్ గీత దాటి గాల్లోకి ఎగిరి బంతిని రెండు చేతులా పట్టుకున్నాడు. అంత అందమైన పట్టు నేను కర్ర పట్టిన పందొమ్మిదేళ్లలో చూడలేదు. వాడు కింద పడేలోపే ఎల్డన్ పసుపు గుడ్డ గాల్లో ఉంది.

హక్కు లేనివాడు బంతి పట్టుకున్నాడు. ఐదు గజాలు వెనక్కి, ప్రయత్నమూ పోయింది. నాలుగో ప్రయత్నం పోతే ఇంకేమీ మిగలదు. బంతి మాది, మ్యాచ్ మాది.

విల్మెర్ మా వైపు పరుగెత్తుకొచ్చాడు. "సార్, మీరు తలూపారు! అడిగాను కదా, మీరు తలూపారు!" ఎల్డన్ తన గుడ్డ ఏరుకోవడానికి వెళ్లిపోయాడు. వాళ్ల కోచ్ రువేలాస్ వచ్చి కుర్రాడి మెడపట్టీ పట్టుకుని లాక్కెళ్లాడు. నేను కర్ర భుజాన వేసుకుని గొలుసు చుట్టడానికి వెళ్లిపోయాను.

ఆదివారం చర్చి అయ్యాక అందరూ ఎల్డన్ చెయ్యి పట్టి ఊపారు. తీర్పు సరైందే. వీడియో ఆపి చూస్తే విల్మెర్ పాదం గీత మీద ఉంది, పట్టపగలులా స్పష్టంగా. "నీ కళ్లు గద్ద కళ్లయ్యా," అన్నాడు హాగ్‌స్ట్రమ్. ఎల్డన్ కాఫీ తాగకుండానే వెళ్లిపోయాడు.

సోమవారం నాకు ఒఫీలియా ఫోన్ చేసింది. మెర్టన్ స్కూలు బస్సు ఆమే నడుపుతుంది. ఏటా డ్రైవర్ల శిక్షణలో ఒకే బల్ల దగ్గర కూర్చుంటాం. ఆమె ఇద్దరు కొడుకులూ ఆ జట్టులో ఆడి వెళ్లినవాళ్లే.

"వెల్డా, ఒక్కటి అడుగుతాను. మా విల్మెర్ అడిగినప్పుడు ఆ లైన్స్‌మన్ తలూపాడా?"

"ఎందుకు?"

"వాడి మాట ఒక్కడూ నమ్మట్లేదు. కోచ్ వీడియో వేసి చూపించాడు. అందులో లైన్స్‌మన్ తల ఉండాల్సిన చోట నీ పలక ఉందిట. నాలుగు అంకె తప్ప ఏమీ కనబడట్లేదుట. రువేలాస్‌కు రిఫరీల మీద నెపం వేసేవాళ్లంటే ఒళ్లుమంట. 'ఓడిపోతే ఓడిపో, అబద్ధం మాత్రం చెప్పకు' అన్నాట్ట. ఇక పిల్లల సంగతి చెప్పక్కర్లేదు. వాడు బస్సెక్కి 'ఇక్కడ కూర్చోనా' అంటే చాలు, బస్సంతా ఏమీ మాట్లాడకుండా తలలు ఊపుతారు. ఇలా, నెమ్మదిగా. ఈ రోజు వాడు సగం దారిలో దిగి నడిచి వెళ్లాడు."



"నేను చూడలేదు, ఒఫీలియా. అప్పుడు పలక మీద అంకె మారుస్తున్నాను," అన్నాను.

"సరే," అంది. కాస్త ఆగి, మళ్లీ "సరే," అంది.

రాత్రి ఎలా గడిచిందో చెప్పను, అది నా గొడవ. మంగళవారం పిల్లల్ని దింపేసి ఖాళీ బస్సుతోనే ఎల్డన్‌ను వెతుక్కుంటూ వెళ్లాను. ఉత్తరపు రోడ్డు మీద దొరికాడు. ఆయన చెక్కిన అంచు చూశాను. పాము పోయినట్టుంది.

ఇంజను ఆపి కిందికి దిగాడు.

"ఏంటి, బస్సేసుకుని వచ్చావు? నన్ను బడికి తీసుకెళతావా?"

"తీసుకెళితే మంచిదే. ఆ పిల్లాడిని అబద్ధాలకోరు అంటున్నారు, ఎల్డన్."

ఆయనకు తెలుసు. ముఖం చూస్తేనే అర్థమైంది.

"మ్యాచ్‌లు కేటాయించే ఆయనకు ఫోన్ చేశాను," అన్నాడు. "తీర్పు సరైంది, నోరు మూసుకో అన్నాడు. జవాబు చెప్పాలని రూల్ లేదు కదా అన్నాడు."

"రూల్ లేదు. కానీ నువ్వు చెప్పావుగా."

"చెప్పాను."

"చెప్పకపోతే వాడు తన కాళ్లు తనే చూసుకునేవాడు."

ఎల్డన్ టోపీ తీసి, లోపలి అంచును చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు, ఆ రోజూ చూడలేదు.

"వెల్డా, నేను కూర్చుని లెక్కేసుకున్నాను. కోల్టన్‌కు రెండుసార్లు చెప్పాను. వాడి అన్నకు చెప్పాను, వాళ్ల నాన్న ఆడినప్పుడు ఆయనకూ చెప్పాను. మెర్టన్ పిల్లలకు 'అరడుగు వెనక్కి' అని ఎప్పుడైనా అన్నానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తు రావట్లేదు. తలూపుతాను, అంతే. మనవాళ్ల కాళ్లు చూస్తాను. వాళ్లకు తలూపుతాను. వాళ్లంటే నాకు ద్వేషం ఉందంటావా?"

"లేదు. ద్వేషం ఉంటే జాగ్రత్తగా చూసేవాడివి."

నాకే తెలియకుండా ఆ మాట వచ్చేసింది. ఆయన చెంప మీద కొట్టినట్టు నన్ను చూశాడు. ఆ మాట నాకూ వర్తిస్తుందని అప్పుడు నేను అనలేదు. ఒఫీలియాకు ఏం చెప్పానో కూడా అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఎల్డన్ రాష్ట్ర ఆఫీసుకు ఉత్తరం రాసి పోస్టు చేశాడు. తీర్పు మార్చమని కాదు, అది మారదు. జరిగింది జరిగినట్టు రాశాడు. ఆ తరవాత ఆయనకు ప్లేఆఫ్ మ్యాచ్ ఒక్కటీ ఇవ్వలేదు. ఉత్తరం వేసిన రోజే సాయంత్రం నాలుగింటికి నన్ను తన ట్రక్కులో ఎక్కించుకుని మెర్టన్ తీసుకెళ్లాడు. ఊరు దగ్గరపడగానే ఫ్యాక్టరీ వాసన వచ్చింది. అద్దాలు ఎత్తబోయి, మానేశాడు.

సీజన్ అయిపోయిన జట్టు సామాను తిరిగి ఇచ్చే రోజు అది. వ్యాయామశాల బయట బల్ల వేసుకుని రువేలాస్ కూర్చున్నాడు. పిల్లలు వరసగా హెల్మెట్లూ, భుజాల మెత్తలూ తెచ్చి పెడుతున్నారు. ఎల్డన్‌ను చూసి మాటలు ఆగిపోయాయి.

"మా సామాను కూడా పట్టుకెళ్లడానికి వచ్చారా?" అన్నాడు అబ్షిర్. ఎవరో కిసుక్కుమన్నారు. రువేలాస్ "ఏయ్," అనగానే ఆగింది.

వరస చివర విల్మెర్ ఉన్నాడు. వాడికి దగ్గరగా ఎవరూ నిలబడలేదు.

"కోచ్, మీ పిల్లల ముందు ఒక మాట చెప్పాలి," అన్నాడు ఎల్డన్. టోపీ చేతిలో ఉంది. "ఈ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. వెనకున్నానా అని అడిగాడు. నేను తలూపాను. వీడి కాళ్లు చూడకుండా ఊపాను. వీడు నన్ను నమ్మి నిలబడ్డాడు. తరవాత నేనే గుడ్డ విసిరాను. తప్పు నాది."

రువేలాస్ కళ్లజోడు తీసి చొక్కాకు తుడుచుకున్నాడు. ఆ మాట విన్నాక ఆయన మొదట చూసింది ఎల్డన్‌ను కాదు, విల్మెర్‌ను.

"ఆ రోజే ఎందుకు చెప్పలేదు, సార్?" అన్నాడు విల్మెర్.

విల్మెర్ జవాబు కోసం ఆగలేదు.

"అప్పుడు మీరు నవ్వుతున్నారు. మా పేర్ల గురించి. నాకు వినబడింది. నేను మీకు అంత దూరంలోనే ఉన్నాను." వాడి కళ్లు నా మీదికి వచ్చాయి. "ఈ మేడం కూడా నవ్వారు."

నేను నేల చూశాను.

విల్మెర్ హెల్మెట్ కింద పెట్టాడు. తారు మీద పిల్లల ఆటకు గీసిన తెల్ల గీత ఒకటి ఉంది. దాని దగ్గరికి వెళ్లి, ఆ రోజు నిలబడ్డట్టే ఒక కాలు ముందుకు పెట్టి వంగాడు. ఎల్డన్ వైపు వేలు చూపించాడు.

"ఇప్పుడు చెప్పండి. వెనకున్నానా, సార్?"

ఎల్డన్ ఈసారి ఊరికే తలూపలేదు. దగ్గరికి వెళ్లి, మోకాళ్ల మీద చేతులు ఆనించి వంగాడు. అంచు చెక్కే ముందు రోడ్డును చూసినట్టు ఆ కుర్రాడి బూటు కొసను చూశాడు. చాలాసేపు చూశాడు.

"లేదు, విల్మెర్," అన్నాడు. "అరడుగు వెనక్కి, బాబూ."

విల్మెర్ అరడుగు జరిగాడు. ఎల్డన్ నిటారుగా నిలబడి, తలూపి, చెయ్యి వెనక్కి చాపాడు. అవతలి గట్టున ఎవరూ లేరు. అయినా ఆ చెయ్యి కాసేపు అలాగే ఉంది.

"అంతే కదా, సార్," అన్నాడు విల్మెర్. "ఇంతే కదా చెప్పాల్సింది."

వాడు క్షమించానని అనలేదు. హెల్మెట్ తీసుకుని మళ్లీ వరసలోకి వెళ్లాడు. ఈసారి అబ్షిర్ వెళ్లి వాడి వెనక నిలబడ్డాడు. తన సామాను ముందే ఇచ్చేసినా నిలబడ్డాడు. బల్ల దగ్గరికి వచ్చాక రువేలాస్ వాడి హెల్మెట్ అందుకుని, లేచి నిలబడి, స్పానిష్‌లో ఏదో అన్నాడు. నాకు అర్థం కాలేదు. అడగడానికి నాకు హక్కు లేదు.

నేను మాత్రం ఇంకా ఏమీ చెప్పలేదు. వ్యాయామశాల పక్కన ఒఫీలియా బస్సు ఆగి ఉంది. తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చుని అంతా చూస్తోంది. ఆ ఇరవై అడుగులు నడవడానికి నాకు ఎంతసేపు పట్టిందో తెలియదు.

"ఒఫీలియా, నేను చూశాను. ఆయన తలూపడం చూశాను. నీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు," అంది.

"ఎలా?"

"అంకె మారుస్తున్నానన్నావు. ఆట అయ్యాకే కదా అంకె మారేది. అది నాలుగో డౌన్, నీ పలక మీద నాలుగు అప్పటికే ఉంది. నా ఇద్దరు కొడుకులూ ఈ ఆట ఆడారు, వెల్డా."

ఆమె లేచి లోపలికి వెళ్లి, డ్రైవరు సీట్లో కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి ఎక్కుతున్నారు. నేను తలుపు దగ్గరే నిలబడ్డాను, వాళ్ల దారికి అడ్డంగా.

"కాస్త వెనక్కి జరుగు," అంది ఒఫీలియా. "పిల్లలు ఎక్కాలి."